క్షమాపణ చెప్పే మొహం

తనకి ఒక పేరుందన్న సంగతి జీతం స్లిప్పు చూసినప్పుడు తప్ప ఆవిడకే గుర్తొచ్చేది కాదు. లిఫ్టుల కంపెనీలో రిపేర్ల డెస్కు దగ్గర పంతొమ్మిదేళ్ళుగా కూర్చుంటోంది కాబట్టి, ఊరంతా తిరిగే మెకానిక్కులందరికీ ఆవిడ లిఫ్టక్క. కొత్తగా చేరినవాళ్ళకైతే అసలు పేరు తెలియను కూడా తెలియదు.

ఏ భవనంలో లిఫ్టు ఆగినా ఫోను ఆవిడ దగ్గరే మోగేది. అవతలి మనిషి కంగారుగా ఏదో చెప్పబోతుంటే, "ఆగండి, లోపల ఎవరైనా ఉన్నారా? లేరు కదా. అయితే ఫోను తలుపు దగ్గర పెట్టండి. మూసుకునేటప్పుడు ఏం చప్పుడొస్తోందో నన్ను విననివ్వండి" అనేది. కీచుమంటే తలుపు జారే గాడిలో దుమ్ము పేరుకుందన్నమాట. టకటకమని రెండుసార్లు కొట్టుకుని మళ్ళీ తెరుచుకుంటే తాళం దగ్గరి స్విచ్చు అరిగిపోయిందన్నమాట. ఇది నమ్మని ఇంజనీర్లు ఇద్దరు ముగ్గురు ఆవిడతో పందెం కాసి, అందరికీ టీలు తాగించారు. లోపల మనిషి చిక్కుకుంటే మాత్రం ఆవిడ పద్ధతి వేరు. మెకానిక్కు చేరేదాకా ఫోను పెట్టేది కాదు. ఆ బొంగురు గొంతుతో, ఏ తొందరా లేకుండా, "మీ ఇంట్లో ఎంతమందండీ? పెద్దవాడు ఏం చదువుతున్నాడు?" అంటూ మాటల్లో పెట్టి కూర్చోబెట్టేది. ఒకాయన అలా నలభై నిమిషాలు తన బావమరిది మీద చాడీలు చెప్పి, తలుపు తెరుచుకున్నాక కూడా "ఉండండి, అసలు సంగతి ఇంకా చెప్పలేదు" అన్నాడట.

రెండేళ్ళ కిందట కంపెనీ ఆ అంతస్తు ఖాళీ చేసి, డెస్కువాళ్ళందర్నీ ఇళ్ళ నుంచే పని చెయ్యమంది. అదీ బాగానే సాగింది. ఫోనుకి ఏ ఇల్లయితే ఏమిటి? చిక్కంతా ఈ ఏడాది వచ్చింది. ఇకనుంచి ప్రతి భవనం వాళ్ళతోనూ నెలకోసారి వీడియో కాల్ మాట్లాడాలన్నారు. కాల్ అయ్యాక వాళ్ళకి ఒక చిన్న కాగితం లాంటిది తెర మీద వస్తుంది. మీతో మాట్లాడిన వ్యక్తి ఎలా కనిపించారు, గొంతు ఎలా వినిపించింది, మీ మాటలు శ్రద్ధగా విన్నట్టు అనిపించిందా? ఐదుకి ఎన్ని?

లిఫ్టక్కకి రెండు పాయింట్ తొమ్మిది వచ్చింది.

మేనేజరు ఆవిడకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. చెప్పడానికి చాలా ఇబ్బంది పడ్డాడు.

"మేడమ్, మీ పని గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు."

"మరి దేని గురించి అన్నారు?"

"అంటే... స్క్రీన్ మీద మీరు కొంచెం అలిసిపోయినట్టు కనిపిస్తున్నారట."

"అలిసిపోయాను కనకే బాబూ."

"అది నాకు తెలుసు మేడమ్. కానీ ఒకాయన ఏం రాశారంటే, ఆవిడ చీకటి గుహలోంచి మాట్లాడుతున్నట్టుంది, మా లిఫ్టు సంగతి అడగాలంటేనే భయమేసింది అని. ఇంకొకరు వెనకాల ఎవరో మూలుగుతున్నారని రాశారు."

"అది ఫ్రిజ్జు."

మేనేజరు నవ్వలేదు. "మూడు నెలల్లో నాలుగు దాటించండి మేడమ్. పైవాళ్ళు లిస్టు చూస్తున్నారు" అని, ఆ లిస్టు ఎందుకు చూస్తున్నారో చెప్పకుండా కాల్ ముగించేశాడు.

లిఫ్టక్క కూర్చునే చోటు వంటగదికీ హాలుకీ మధ్య ఇరుకు దారి. ఒక పక్క గోడ, ఒక పక్క ఫ్రిజ్జు, నడినెత్తిన ట్యూబులైటు. ఆ లైటు కింద ఎవరు కూర్చున్నా కళ్ళ కింద రెండు గుంటలు పడతాయి. సాయంత్రం భర్తకి ఈ సంగతి చెప్పింది. ఆయన రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్, తెల్లవారకముందే వెళ్ళి మధ్యాహ్నానికి పీనుగులా తిరిగొస్తాడు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ ఆవిడ వైపు ఎగాదిగా చూసి, "మొహానికేం? నాకు బాగానే ఉంది" అన్నాడు.

"నువ్వు కస్టమరువి కాదుగా" అంది ఆవిడ.

ఆ ఇంట్లో మంచి వెలుతురున్న గది ఒక్కటే ఉంది. పెద్ద కిటికీ, దానికి ఎదురుగా తెల్లటి గోడ. అది తోటికోడలిది. ఇంట్లో అందరూ చిన్నది అనేవాళ్ళు, ముప్పై ఆరేళ్ళు వచ్చినా చిన్నదే. ఆసుపత్రులకి అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలో పని. రోజుకి ఏడెనిమిది కాల్స్ మాట్లాడుతుంది. తలుపు వెనకనుంచి పొద్దస్తమానం ఆమె నవ్వు వినిపిస్తూనే ఉంటుంది. ఆరు నెలల కిందట ఆ గది ఎవరికన్న దగ్గర ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. "నీకేమమ్మా, నవ్వితే జీతమిచ్చే ఉద్యోగం" అని లిఫ్టక్క నోరు జారింది. అప్పటినుంచి ఇద్దరి మధ్యా ఉప్పెక్కడుంది, గ్యాసు అయిపోయింది, అత్తగారు మాత్ర వేసుకున్నారా అన్నంతవరకే మాటలు. అత్తగారికి చెవులు సరిగ్గా వినపడవు కాబట్టి ఈ గొడవ సంగతి ఆవిడకి తెలియదు. టీవీ మాత్రం వీధి చివరిదాకా వినపడేలా పెట్టుకునేది.

లిఫ్టక్క వారం రోజులు తనకు తోచినట్టు తంటాలు పడింది. టేబుల్ లైటు తెచ్చి మొహం మీదకి తిప్పుకుంది. పోలీసులు దొంగని నిలదీస్తున్నట్టు కనిపించింది. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంటే ముక్కు రంధ్రాలే కనిపించాయి. పౌడరు కాస్త ఎక్కువ రాసుకున్న రోజున మార్కులు రెండు పాయింట్ ఆరుకి దిగాయి. ఎనిమిదో రోజు పొద్దున, సిగ్గు చంపుకుని, చిన్నదాని తలుపు తట్టింది.

"నాకు కొంచెం... నువ్వు ఎలా చేస్తావో చూపిస్తావా? నా మొహం బాగోలేదని ఆఫీసులో అంటున్నారు."

చిన్నది ఏదో పుల్లవిరుపు మాట అంటుందని సిద్ధపడే వచ్చింది. చిన్నది మాత్రం కుర్చీలోంచి లేచి, "ఇలా కూర్చోండి అక్కా" అంది.

ఆ గంటలో లిఫ్టక్క నేర్చుకున్నది పంతొమ్మిదేళ్ళలో నేర్చుకోలేదు. లైటు మనిషి మీద పడకూడదట, గోడ మీద పడి గోడనుంచి మనిషి మీదకి రావాలట. ల్యాప్‌టాప్ కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి కళ్ళ ఎత్తుకి తేవాలట. అవతలివాళ్ళ మొహంలోకి చూస్తే వాళ్ళకి మనం కిందకి చూస్తున్నట్టుంటుందట. అందుకని కెమెరా పక్కన ఒక చిన్న ఎర్ర బొట్టు అంటించి దానితో మాట్లాడాలట. ల్యాప్‌టాప్ వెనక మడతపెట్టిన దుప్పటి నిలబెడితే గొంతు గదిలో మోగదట. తీగ ఉన్న ఇయర్‌ఫోనే మేలట, దాని మైకు చొక్కాకి రాసుకోకుండా క్లిప్పు పెట్టుకోవాలట.

"మాట మొదలుపెట్టేముందే నవ్వాలి అక్కా. మైకు తెరిచాక నవ్వితే లేటయిపోతుంది. గొంతులో తెలిసిపోతుంది."

"నవ్వొచ్చే సంగతి ఏమీ లేకపోతే?"

"ఎప్పుడుంటుంది?" అంది చిన్నది.

సరిగ్గా అప్పుడే ఆమెకి కాల్ వచ్చింది. లిఫ్టక్క లేవబోతే, పర్లేదన్నట్టు చెయ్యి ఊపి, తెర వెనకాల స్టూలు చూపించింది. లిఫ్టక్క అక్కడ కూర్చుని, ఆరు నెలలుగా తలుపు వెనకనుంచి మాత్రమే విన్న నవ్వుని ఎదురుగా చూసింది. కనుబొమలు లేస్తున్నాయి, తల ఊగుతోంది, కళ్ళు మెరుస్తున్నాయి. పైన ఇస్త్రీ కోటు, కింద మోకాళ్ళ దగ్గర వెలిసిపోయిన పైజామా, చలికి ఒకదాని మీద ఒకటి వేసుకున్న పాదాలు. ముప్పావుగంట తర్వాత కాల్ ముగిసింది. చిన్నది లైటు ఆపింది. దండెం మీదనుంచి బట్ట జారిపడ్డట్టు ఆ మొహం జారిపోయింది. బుగ్గలు రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని, గొంతు మాత్ర ఒకటి నోట్లో వేసుకుంది. టేబుల్ సొరుగులో అలాంటివి మూడు డబ్బాలున్నాయి.

"ఇవాళ ఇంకా ఆరున్నాయి" అంది.

లిఫ్టక్కకి అప్పట్లో తను అన్న మాట గుర్తొచ్చింది. ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియక, "వేడినీళ్ళు తెచ్చిపెట్టనా?" అంది.

"తెండి అక్కా" అంది చిన్నది, కళ్ళు తెరవకుండానే.

ఇద్దరూ కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నారు. చిన్నదానికి కాల్స్ లేని రెండు గంటలు లిఫ్టక్క ఆ గదిలో కూర్చుంటుంది. మొదటి నెల మార్కులు మూడు పాయింట్ ఏడు, రెండో నెల నాలుగు పాయింట్ మూడు, మూడో నెల నాలుగు పాయింట్ ఎనిమిది. మేనేజరు సంబరపడిపోయాడు. "మేడమ్, మీలో ఇంత ఉందని మాకు తెలియనే తెలియదు! మీ మొహంలో ఒక నిజాయితీ కనిపిస్తోందట. పెద్ద సార్ మీ రికార్డింగ్ చూసి, ఈవిడని ఎక్కడ దాచారయ్యా అన్నారు."

మెచ్చుకోలు వెనకే కొత్త పని వచ్చింది. ఎక్కడైనా పొరపాటు జరిగి, భవనం వాళ్ళు మండిపడుతుంటే, వాళ్ళతో వీడియోలో మాట్లాడి చల్లబరచాలి. రిపేర్ల ఫోన్లు వేరేవాళ్ళు చూస్తారు. పొద్దున తొమ్మిదినుంచి సాయంత్రం ఆరుదాకా క్షమాపణలు. హోదా కూడా ఒక మెట్టు పెరుగుతుందని కాగితం పంపారు. చిన్నదాని గది ఖాళీ లేని వేళల్లో లిఫ్టక్క తన ఇరుకు దారిలోనే టేబుల్ లైటు గోడకేసి తిప్పుకుని కూర్చునేది.

మొదటి రెండు వారాల్లోనే తల ప్రాణం తోకకొచ్చింది. రిపేర్ల ఫోను వచ్చినప్పుడు ఒక సంగతి విని, ఒకరిని పంపి, లిఫ్టు కదిలిందని విని, ఊపిరి పీల్చుకునేది. ఆ పనికి ఒక చివర ఉండేది. ఈ పనికి చివర లేదు. ఎదుటివాళ్ళు తిడతారు, తను ఎర్రబొట్టు వైపు చూస్తూ తల నెమ్మదిగా ఊపుతుంది, "మీ బాధ మాకు అర్థమైంది" అంటుంది. తర్వాత ఇంకో భవనం, ఇంకో తిట్టు, మళ్ళీ అదే తల, అదే ఊపు. బుగ్గలు పీకేవి. మెడ పట్టేసేది. రాను రాను ఆ మొహం తెర దగ్గర ఆగకుండా ఇంట్లోకి కూడా వచ్చేసింది. అత్తగారు "నా మాత్ర ఇంకా ఇవ్వలేదే పెద్దమ్మాయ్?" అంటే, చేతులు ముడుచుకుని నిలబడి, "ఆలస్యానికి నిజంగా విచారిస్తున్నామండీ" అనేసింది. అత్తగారికి సగమే వినిపించి, "ఎవరు పోయారు?" అని బెంబేలెత్తిపోయింది. భర్త పొరమారేదాకా నవ్వాడు. లిఫ్టక్క నవ్వలేదు. తన నోట్లోంచి ఎవరో మాట్లాడినట్టుంది ఆవిడకి.

అలా రెండు నెలలు గడిచాక ఎనిమిది అంతస్తుల పాత అపార్ట్‌మెంట్ ఒకదాన్లో లిఫ్టు ఐదుకీ ఆరుకీ మధ్య ఆగిపోయింది. లోపల రిటైరైన లెక్కల టీచరొకావిడ రెండు గంటల పది నిమిషాలు ఒంటరిగా ఉండిపోయింది. మర్నాడు పదకొండింటికి ఆ అపార్ట్‌మెంట్ వాళ్ళతో కాల్. ఏం మాట్లాడాలో మేనేజరు ముందే రాసి పంపాడు. ఊహించని సాంకేతిక కారణం. మీ భద్రతే మాకు ముఖ్యం. విచారణ జరుగుతోంది. తేదీలు మాత్రం ఏవీ చెప్పొద్దు.

కాల్‌కి అరగంట ముందు లిఫ్టక్క ఆ భవనం చూసే పొడుగు మెకానిక్కుకి ఫోన్ చేసింది. పన్నెండేళ్ళ పరిచయం.

"ఏమైంది తమ్ముడూ అక్కడ?"

"ఏమవుతుంది అక్కా, ఆరో అంతస్తు తలుపు తాళం స్విచ్చే. దానికోసం మూడు నెలల్లో మూడుసార్లు రాశాను. స్టాకు లేదని ఒకసారన్నారు, మిగతా రెండుసార్లు ఉలుకూ పలుకూ లేదు."

"మూడుసార్లా? నాకొక్క మాట చెప్పొచ్చుగా."

"ముందైతే మీకే చెప్పేవాణ్ణి. నాలుగుసార్లు చేశాను అక్కా. మీరు కాల్స్‌లో ఉన్నారన్నారు. ఇప్పుడు మీరు పెద్ద పనిలో ఉన్నారట కదా అని ఊరుకున్నాను."

లిఫ్టక్క ఫోను పెట్టేసి, లైటు వేసింది. పుస్తకాలు సర్దింది. దుప్పటి నిలబెట్టింది. అన్నీ చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. తను ఎర్రబొట్టుతో మాట్లాడుతూ కూర్చున్న రోజుల్లోనే ఆ మెకానిక్కు నాలుగుసార్లు ఫోన్ చేశాడు. పాత కుర్చీలో ఉండి ఉంటే ఆ స్విచ్చు సంగతి ఒక్క పూటలో తేలిపోయేది. చిన్నది తలుపు తీసి తొంగిచూసి, "అక్కా, బానే ఉన్నారా?" అంది. లిఫ్టక్క తల ఊపింది. అది కూడా తెర మీద ఊపే ఆ ఊపే. చిన్నదానికి తెలిసిపోయినట్టుంది, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

అపార్ట్‌మెంట్ వాళ్ళు కిందనున్న మీటింగు గదిలో ఒక్క కెమెరా ముందు పదిమందిదాకా కూర్చున్నారు. సెక్రటరీ గొంతు చించుకున్నాడు. ఇంకొకాయన టేబుల్ గుద్దాడు. లిఫ్టక్క రాసిచ్చిన మాటలు ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకుంటూ పోయింది. గొంతు నిలకడగా ఉంది, మొహం మెత్తగా ఉంది. పది నిమిషాల్లో వాళ్ళ కోపం సగానికి దిగింది. ఆ దిగడం చూస్తుంటే ఆవిడకే రోత పుట్టింది.

అప్పుడు ఒక చివరనున్న ఆడమనిషి కెమెరా దగ్గరికి కుర్చీ జరుపుకుంది. డెబ్భై దాటి ఉంటాయి. మణికట్టుకి కట్టు ఉంది.

"లోపల ఉన్నది నేనేనమ్మా" అంది. "తలుపు కొట్టి కొట్టి చెయ్యి వాచింది. అంతే, ఇంకేం కాలేదు. నువ్వు చాలా బాగా మాట్లాడుతున్నావు. నీ మొహం చూస్తే కోప్పడబుద్ధి కావట్లేదు. ఒక్క సంగతి అడుగుతాను చెప్పు. అందులోకి మళ్ళీ నేను ఎప్పుడు ఎక్కొచ్చు?"

లిఫ్టక్క ఎర్రబొట్టు మీదనుంచి చూపు తిప్పి ఆవిడ మొహంలోకి చూసింది. అలా చూస్తే అవతలివాళ్ళకి కిందకి చూస్తున్నట్టు కనిపిస్తుందని తెలుసు.

"ఇవాళ ఎక్కొద్దు టీచరుగారూ. ఎవరూ ఎక్కొద్దు" అంది. "ఆరో అంతస్తు తలుపు తాళం స్విచ్చు పాడైంది. ఊహించనిదేం కాదు. మా మెకానిక్కు మూడు నెలల కిందటే కావాలని రాశాడు, మూడుసార్లు రాశాడు. మేమే పంపలేదు. ఎక్కడ ఆగిపోయిందో నాకింకా తెలియదు. సాయంత్రం ఐదులోపు కనుక్కుని మీకే ఫోన్ చేస్తాను. మామూలు ఫోను. మీ నంబరివ్వండి."

టీచరు నంబరు ఒక్కో అంకే విడమరిచి చెప్పింది. లిఫ్టక్క చేత్తో కాగితం మీద రాసుకుంది. తెర మూలన మేనేజరు పంపిన సందేశాలు టపటపా పడుతున్నాయి. ఆవిడ వాటి వైపు చూడలేదు.

కాల్ అయ్యాక, చిన్నదానిలాగే తెర కోసం వేసుకున్న కోటు విప్పి పక్కన పడేసి, కంపెనీ గోదాములో స్టోర్‌కీపర్‌గా ఉన్న పెద్దాయనకి ఫోన్ చేసింది. ఆయన ఉద్యోగంలో ఆవిడకంటే నాలుగేళ్ళు సీనియరు. గొంతు వినగానే, "ఓహో, టీవీలోకి వెళ్ళిపోయావు, మేం గుర్తున్నామా?" అని ఎత్తిపొడిచాడు.

"తిట్టండి బాబాయ్, తర్వాత తీరిగ్గా తిట్టండి. ముందు ఆ పాత మోడల్ తాళం స్విచ్చు ఎక్కడైనా ఒకటుందేమో చూడండి."

"స్టాకులో లేదు. కంప్యూటర్లో సున్నా చూపిస్తోంది."

"కంప్యూటర్ని కాదు, మిమ్మల్ని అడుగుతున్నాను."

ఆయన గొణుక్కుంటూ లేచాడు. పావుగంట తర్వాత తనే తిరిగి ఫోన్ చేశాడు. ఒక పాత సినిమా హాల్లోంచి తీసేసిన లిఫ్టు సామాను గోదాములో ఒక మూలన పడి ఉందట. అందులో వాడకుండా మిగిలిన స్విచ్చు ఒకటుంది, సీలు కూడా తియ్యలేదట. "మీ పొడుగోణ్ణి పంపు. సంతకం మాత్రం పెట్టించుకుంటాను, నాకు రూల్సంటే రూల్సే" అన్నాడు. ఐదు కావడానికి పది నిమిషాలుండగా లిఫ్టక్క టీచరుకి ఫోన్ చేసింది. మర్నాడు పదకొండున్నరకి లిఫ్టు కదిలింది. ఆ పూట మెకానిక్కు తలుపు దగ్గర ఫోను పెట్టి ఆవిడకి చప్పుడు వినిపించాడు. మెత్తగా, ఒక్కసారే పడింది తలుపు.

మేనేజరు కాల్ ఆ మధ్యాహ్నం వచ్చింది. మొహం మాడిపోయి ఉంది.

"తప్పు మనదే అని రికార్డింగులో చెప్పారు మేడమ్. లీగల్ వాళ్ళు నన్ను రెండు గంటలు వాయించారు."

"అవును బాబూ. చెప్పాను."

"అసలు చిక్కేంటంటే..." అతను నుదురు రుద్దుకున్నాడు. "వాళ్ళు మీకు ఐదుకి ఐదిచ్చారు. అందరూ. పెద్ద సార్ ఏమనాలో తెలియక ఊరుకున్నారు."

లిఫ్టక్కకి ఆనందం కలగలేదు. ఇక వాళ్ళు తనని ఈ కుర్చీలోంచి లేవనివ్వరేమో అనిపించింది. అందుకే అప్పటికప్పుడే అడిగేసింది. "నన్ను మళ్ళీ ఫోన్ల దగ్గర కూర్చోబెట్టండి. ఆ పై హోదా కాగితం వెనక్కి తీసుకోండి, నేనేం అనుకోను. ఇలా ఇంకో ఏడాది చేస్తే నాకు లిఫ్టు చప్పుడు వినడం కూడా మరుపొచ్చేస్తుంది."

అతను ఇంకా ఏదో నచ్చజెప్పబోయాడు. ఆవిడ వినిపించుకోలేదు. వారం తిరిగాక ఒక మధ్యేమార్గం తేలింది. నాలుగు రోజులు రిపేర్ల ఫోన్లు, ఒక్క రోజు వీడియో. ఆ కాల్స్‌లో కూడా, ఏం పాడైందో ముందు మెకానిక్కుతో మాట్లాడాకే తను నోరు విప్పుతానని ఆవిడ పట్టుబట్టింది. పై హోదా పోయింది. జీతాలు పెంచే వేళకి దీని ప్రభావం ఉంటుందని మర్యాదగానే హెచ్చరించారు. ఉండనీ అనుకుంది.

ఆ సాయంత్రం చిన్నదాని గదికి వెళ్ళి ఈ సంగతంతా చెప్పింది. "ఇక నీ గది నీకే. వారానికి ఒక్కరోజు చాలు నాకు."

చిన్నది గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. ఆ రోజు ఎనిమిది కాల్స్ అయ్యాయి. గొంతు పూర్తిగా కీచుమంటోంది.

"నువ్వు అదృష్టవంతురాలివి అక్కా" అంది. పదేళ్ళలో అదే మొదటిసారి ఆమె లిఫ్టక్కని నువ్వనడం. "వెనక్కి వెళ్ళడానికి నీకొక పనుంది. నేను చేసేది మొదట్నుంచీ ఇదే. నవ్వడం తప్ప నా చేతిలో ఇంకో పని లేదు."

ఇది అన్నప్పుడు ఆమె ఏడవలేదు. వంటలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. లిఫ్టక్క పక్కనే చతికిలబడింది. ఉద్యోగం మానెయ్యమనడానికి లేదు, ఇంటికి ఆ జీతం కావాలి. ఓపిక పట్టమనడానికి నోరు రాలేదు. ఆ కంపెనీతో ఎవరైనా మాట్లాడగలరా అంటే, అక్కడ తనకు ఏ స్టోర్‌కీపరూ తెలియడు.

"అప్పుడు గది దగ్గర నేనన్న మాట..." అంది చాలాసేపటికి.

"వదిలెయ్యక్కా."

"వదిలెయ్యను. బుద్ధి లేక అన్నాను. చూడకుండా అన్నాను."

చిన్నది తల పక్కకి వాల్చి ఆవిడ భుజానికి ఆనించింది. హాల్లో టీవీ హోరెత్తిపోతోంది.

మర్నాడు పొద్దున అందరూ టీ తాగుతుండగా లిఫ్టక్క ఒక మాట చెప్పింది. సలహా అడుగుతున్నట్టు కాదు, లిఫ్టులోకి ఇంతమందే ఎక్కాలని చెప్పినట్టు చెప్పింది. సాయంత్రం ఏడునుంచి ఎనిమిదిన్నరదాకా చిన్నదాన్ని ఎవరూ పలకరించకూడదు. ఏదైనా కావాలంటే తనని అడగాలి. అత్తగారికి మందులూ, స్నానానికి నీళ్ళూ తనే చూసుకుంటుంది. అన్నం పెట్టేది, గిన్నెలు తీసేది అన్నదమ్ములిద్దరూ.

మరిది నోరు తెరిచాడు. "అంటే వదినా, నా పెళ్ళాంతో నేను కూడా..."

"నువ్వు ముందు."

అత్తగారికి ఇదంతా రెండుసార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అర్థమయ్యాక ఆవిడ చాలాసేపు ఆలోచించి, "మౌనవ్రతమా? మంచిదే. నేనూ చేస్తాను" అంది. అన్నంత పనీ చేసింది కూడా. ఆ సాయంత్రం ఏడింటికి టీవీ తనంతట తనే ఆపేసింది. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఎప్పుడూ ఎవరూ వినలేదు. ఫ్రిజ్జు గొణుగుడు మొదటిసారి అన్ని గదుల్లోకీ వినిపించింది.

చిన్నది గదిలోంచి వచ్చి హాల్లో కిటికీ పక్కన కూర్చుంది. మొహం అంతా వదిలేసింది. కనుబొమలు కిందకి, పెదాలు కిందకి, కళ్ళు సగం మూతపడి. పరాయివాళ్ళెవరైనా చూస్తే కొంపలంటుకున్నాయనుకునేవాళ్ళు. భర్త పళ్ళెం తెచ్చి చప్పుడు కాకుండా పక్కన పెట్టి వెళ్ళాడు. ఆమె తిన్నది. వీధిలోకి చూసింది. ఎవరికోసమూ తల ఊపలేదు.

లిఫ్టక్క వంటగది గుమ్మంలో నిలబడి చెయ్యి తుడుచుకుంటుండగా, ఫోను మోగింది. ఎక్కడో ఎవరి లిఫ్టో ఆగిపోయింది. ఆవిడ ఫోను తీసుకుని మెట్ల మీదకి వెళ్ళి, తలుపు వెనక్కి లాగి, గొంతు బాగా తగ్గించి అడిగింది. "చెప్పండి. లోపల ఎవరైనా ఉన్నారా?"